సుడి నీహారికల కథ

ఉగాదినాడు పంచాంగం వినకుండా మన సంఘంలో పండుగ ముగియదు. ఈ మార్చి 19వ తేదీన వచ్చిన సంవత్సరానికి పరాభవ అని పేరు. పేరు విని జంకవలసిన పని లేదు. 1966లోను ఈ పేరుతోనే ఒక సంవత్సరం వచ్చి, తన దారిన తాను వెళ్లిపోయింది. ఈ అరవై ఏండ్ల చుట్టు కూడా ఆకాశం నుండి దిగివచ్చిన లెక్కే. గురుడు సూర్యుణ్ణి ఒకసారి చుట్టి రావడానికి ఇంచుమించు 12 ఏండ్లు, శని చుట్టి రావడానికి ఇంచుమించు 30 ఏండ్లు పట్టుతుంది. ఆయన ఐదు చుట్లు, ఈయన రెండు చుట్లు తిరిగేసరికి అరవై నిండుతుంది. మనిషి ఆయుర్దాయానికి సరిపోయే లెక్క అది. కాని ఈ వ్యాసంలో మేము చెప్పబోయేది ఆ లెక్కకు అందేది కాదు. ఇది 1200 కోట్ల ఏండ్ల కిందట బయలుదేరిన వెలుతురును గురించి.

రైల్వేలో గుమాస్తా ఉద్యోగం మాది. చదువు మెట్రిక్కుతో సరి. ఇంత పెద్ద విషయం ఎత్తుకోవడానికి మాకు అర్హత ఏమని పాఠక మహాశయులు అడుగవచ్చును. కారణం మా మేనల్లుడు.

మొన్నటి సంక్రాంతికి సెలవు పెట్టి పెర్మిలి పోయి వచ్చాము. బల్లార్షా దాకా రైలు, అక్కడ నుండి ఆలాపల్లి మీదుగా భామ్రాగఢ్ పోయే అడవి దారి. మా వాడు మరాఠీ బడిలో ఎనిమిదవ తరగతి. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, ఆటల్లో మాడియా గోండి పిల్లలతో గోండి. రాత్రి చలిమంట దగ్గర పుస్తకం తెరిచి, "మామా, సర్పిల దీర్ఘికా అంటే తెలుగుల ఏమంటరు?" అని అడిగాడు.

మరాఠీలో గెలాక్సీని దీర్ఘికా అంటారు. మన నిఘంటువుల్లో దీర్ఘిక అంటే నడబావి. "నక్షత్రవీథి అంటరురా" అన్నాము. "వీథి అంటే గల్లీ కాదా? గల్లీ గుండ్రంగ తిరుగుతదా?" అన్నాడు వాడు. మాకు నోట మాట రాలేదు. "బళ్లె తెలుగు మాట చెప్తే ఎట్లాగు నవ్వుతరు తియ్యి" అని పుస్తకం మూసేశాడు. ఆ మాట మాకు చలి కంటె ఎక్కువగా తగిలింది. ఆనాడు చెప్పలేకపోయిన జవాబునే తరువాత పుస్తకాలు చూచి, తెలిసినవారిని అడిగి ఇక్కడ రాస్తున్నాము. మన ఇండ్లలో ఇటువంటి పిల్లలు ఇంకా ఉన్నారు గదా!

నిజానికి ఆకాశాన్ని గురించి మనవారికి మాటలు లేకపోలేదు. చిన్నప్పుడు వేసవి రాత్రులు వాకిట్లో పడుకున్నప్పుడు మా పెద్దమ్మ సప్తర్షులను చూపి, "గా నాలుగు చుక్కలు ముసలమ్మ మంచం కోళ్లు బిడ్డా. ఎనుక మూడు దొంగలు. మంచం గుంజుకపోతున్నరు" అనేది. ముంబైలోని టాటా పరిశోధన సంస్థకు చెందిన మయాంక్ వాహియా, గణేశ్ హల్కరేతో కలిసి గోండుల ఊళ్లు తిరిగి, వారి చుక్కల జ్ఞానాన్ని గురించి 2013లో ఒక వ్యాసం ప్రచురించారు. అందులోను ఈ మంచమూ ఈ దొంగలూ ఉన్నారు! ఎవరి దగ్గర ఎవరు నేర్చుకున్నారో గాని, పక్కపక్క ఇండ్లవారికి కథ ఒక్కటే. తెల్లగా ఆకాశం ఈ కొసనుండి ఆ కొసకు పారే వెలుగును గోండులు పశువులు పోయే బాట అంటారట. మనం పాలపుంత అంటాము. పుంత అంటే పొలాల నడుమ బండ్లు, గొడ్లు పోయే బాటయే గదా. ఈ రెండు పేర్లు ఒకే బాటవి.

ఆ పాలపుంత మనం కాపురముండే చుక్కల గుంపు. అటువంటి గుంపులు ఆకాశంలో కోట్లకొలది ఉన్నవని తెలిసి నూరేండ్లే అయింది. అంతకుముందు అవి దుర్భిణిలో మసక మసకగా మంచుపట్టినట్లు కనబడేవి కనుక వాటిని నీహారికలు అన్నారు. అవి దగ్గరి వాయువు మబ్బులా, దూరపు చుక్కల దీవులా అన్నది పెద్ద వ్యాజ్యం. దీవులు కావచ్చునని 1755లోనే జర్మనీ తత్వవేత్త కాంట్ ఊహించాడు గాని, ఊహకు సాక్ష్యం లేదు.

1845వ సంవత్సరం ఈ కథలో మాకు చాలా ఇష్టమైనది. ఆ ఏడు ఐర్లండులో రాస్ ప్రభువు ఆరడుగుల వెడల్పు అద్దంతో ఒక దుర్భిణి కట్టించి, సప్తర్షుల తోక కొసకు దగ్గరగా ఉన్న ఒక నీహారికను చూచాడు. మెసియే పట్టికలో దాని సంఖ్య 51. అది ఊరక మసకగా లేదు. ఏటిలో సుడి తిరిగినట్లు, నడిమి నుండి చేతులు వంపు తిరిగి బయటికి సాగి ఉన్నవి. ఆయన దానిని చేతితో బొమ్మ గీశాడు. సుడి నీహారికను సుడిగా గుర్తించడం అదే మొదలు. ఆ ఏడే ఐర్లండులో బంగాళదుంప పంట కుళ్లి ఘోరమైన కరువు వచ్చింది. కొన్ని ఏండ్లపాటు ఆ ప్రభువు దుర్భిణిని పక్కన పెట్టి కరువు పనులు చూడవలసి వచ్చింది.

ఆ 1845లోనే హాలండులో యూట్రెక్ట్ దగ్గర రైలు మీద ఒక వింత పరీక్ష జరిగింది. ఈ సంగతి మా స్టేషనులో చెప్పినప్పుడు ఎవరూ నమ్మలేదు. బాయిస్ బాలట్ అనే శాస్త్రజ్ఞుడు ఇంజను వెనుక బండిలో బూరలు ఊదేవారిని ఎక్కించి, పట్టాల పక్కన సంగీతం తెలిసినవారిని నిలబెట్టాడు. రైలు దగ్గరికి వచ్చేటప్పుడు స్వరం హెచ్చుగా, దాటిపోయేటప్పుడు తగ్గుగా వినబడుతుందా అని పరీక్ష. ఫిబ్రవరిలో చేయబోతే వాతావరణం చెడగొట్టింది. జూనులో మళ్లీ చేశాడు. స్వరం మారింది. ప్రేగు నగరంలో డాప్లర్ అనే ఆచార్యుడు 1842లో చెప్పిన సూత్రం నిలిచింది. మెయిలు ఆగకుండా స్టేషను దాటేటప్పుడు దాని కూత వాలిపోవడం మనమంతా విన్నదే. వెలుతురుకు కూడా ఈ ధర్మం వర్తిస్తుంది. దూరమయ్యే దీపం వెలుగు ఎరుపు వైపుకు జరుగుతుంది. దగ్గరయ్యేది నీలం వైపుకు.

రాస్ ప్రభువు సుడి, బాయిస్ బాలట్ కూత, ఈ రెండూ కలవడానికి ఇంకా 67 ఏండ్లు పట్టింది. నడుమ వర్ణపటం చూచే సాధనం రావలసి ఉండెను. దానికి మన గుంటూరుతో చుట్టరికం ఉన్నది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరు నుండి ఈ సాధనంతో చూచాడు. గ్రహణం లేకున్నా సూర్యుని అంచున లేచే జ్వాలలను చూడవచ్చునని మరునాడే అక్కడే కనుగొన్నాడు. ఆ గ్రహణంలో కనబడిన ఒక పసుపు గీత అంతవరకు ఎరుగని హీలియం వాయువుదని తరువాత తేలింది.

1912లో అమెరికాలోని లొవెల్ వేధశాలలో స్లైఫర్ అనే ఆయన ఆండ్రోమెడా నీహారిక వెలుగును వర్ణపటంగా విడదీసి ఫోటో తీశాడు. గీతలు నీలం వైపు జరిగి ఉన్నవి. అంటే అది మన వైపు వస్తున్నది. వేగం సెకనుకు 300 కిలోమీటర్లు! మా లెక్క ప్రకారం ఆ వేగంతో పోయే బండి జమ్ము నుండి కన్యాకుమారికి పదిపన్నెండు సెకనుల్లో చేరుతుంది. తక్కిన సుడి నీహారికలను ఒక్కొక్కటిగా చూడగా చాలా మటుకు ఎరుపు వైపు జరిగి, మన నుండి ఇంకా వేగంగా దూరమవుతున్నవి. ఇంత వేగంగా పోయేవి పాలపుంతలోనే ఇమిడి ఉండగలవా?

ఈ ప్రశ్న మీద 1920 ఏప్రిల్ 26న వాషింగ్టనులో ఇద్దరు పెద్దలు సభలో వాదించుకొన్నారు. పాలపుంత 3 లక్షల కాంతి సంవత్సరాల వెడల్పు ఉన్నది, నీహారికలు వేరే లోకాలు కావు అని షాప్లీ వాదం. కాదు, అవి పాలపుంత వంటివే దూరపు దీవులు అని కర్టిస్ వాదం. కాంతి సంవత్సరమంటే కాలం కాదు, దూరం. సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పరుగెత్తే వెలుగు ఏడాదిలో పోయేంత దూరం.

షాప్లీ తప్పు దారి పట్టడానికి ఒక కారణం అతని మిత్రుడు వాన్ మానెన్ కొలతలు. ఏండ్ల తేడాతో తీసిన ఫోటో ఫలకాలను పక్కపక్కన పెట్టి, ఒక సుడి నీహారికలోని చుక్కలు కదిలినవని, అది 85,000 ఏండ్లకు ఒక చుట్టు తిరుగుతున్నదని ఆయన చెప్పాడు. అది నిజమై, ఆ నీహారిక దూరపు దీవి అయితే, దాని అంచులు వెలుగు కంటె వేగంగా తిరుగవలసి వచ్చును. అది అసాధ్యం. కనుక దీవులు కావన్నారు. వాదంలో తప్పు లేదు, కొలతలోనే తప్పు. ఆయన మోసగాడు కాడు, ఓపికగా పనిచేసేవాడు. అయినా కంటికి అందనంత చిన్న పొరపాటు పదిహేనేండ్లకు పైగా పెద్దపెద్దవారిని పక్కదారి పట్టించింది. 1935లో గాని ఆ తగవు తీరలేదు.

ఇది చదివినప్పుడు మాకు మా సంగతి గుర్తుకు వచ్చింది. ఉద్యోగంలో చేరిన రెండో ఏట ఒక వ్యాగను పదకొండు అంకెల నెంబరులో 6కు బదులు 9 రాశాము. ఒక్క అంకె! మూడు రోజులపాటు ఒకరి ఉల్లిగడ్డల బస్తాలు వేరే ఊరి సైడింగులో ఎండకు మగ్గినవి. మా పై అధికారి మంచివాడు, మందలించి ఊరుకున్నాడు. ఆనాటి నుండి ఏ నెంబరు రాసినా రెండుసార్లు చదువుతాము. ఆకాశం చరిత్ర కూడా సగం ఇటువంటి రిజిస్టర్ల చరిత్రే.

చివరికి ఆ వ్యాజ్యాన్ని తీర్చిన కొలబద్దను కనిపెట్టినది హార్వర్డు వేధశాలలో గంటకు 30 సెంట్ల కూలికి ఫలకాలు చూచే ఒక ఉద్యోగిని, హెన్రియెట్టా లీవిట్. ఆమెకు చెవుడు. కొన్ని చుక్కలు కొన్ని రోజులకొకసారి వెలుగు పెరిగి తగ్గుతుంటవి. మెల్లగా కొట్టుకునేవి అసలు వెలుగులో పెద్దవని 1912లో ఆమె 25 చుక్కల లెక్కతో చూపింది. కొట్టుకునే కాలం తెలిస్తే అసలు వెలుగు తెలియును. కనబడే వెలుగుతో పోల్చితే దూరం తెలియును. దూరాన మినుకుమనే దీపం లాంతరా, ఇంజను పెద్ద లైటా అన్నది తెలిస్తే ఎంత దూరముందో చెప్పగలము గదా, అట్లాగన్నమాట.

1923 అక్టోబరులో విల్సన్ కొండ మీద హబుల్ ఆండ్రోమెడా నీహారికలో అటువంటి చుక్క ఒకటి పట్టుకున్నాడు. లెక్క వేస్తే దూరం సుమారు 9 లక్షల కాంతి సంవత్సరాలని వచ్చింది. పాలపుంత ఎంత పెద్దదన్నా అంత లేదు. 1925 జనవరి 1న, ఇంగ్లీషు సంవత్సరాదినాడు, ఈ సంగతి శాస్త్రజ్ఞుల సభలో చదివారు. తరువాత కొలతలు సరిదిద్దగా ఇప్పుడు 25 లక్షల కాంతి సంవత్సరాలని లెక్క. ఈ వార్త వినడానికి లీవిట్ లేదు, 1921లోనే పోయింది. ఆమె పోయినట్లు తెలియక ఒక స్వీడను పండితుడు ఆమెను నోబెల్ బహుమానానికి సూచించాలని 1925లో ఉత్తరం రాశాడట!

హబుల్‌కు కుడిభుజంగా ఉండి దూరపు గెలాక్సీల వేగాలు కొలిచిన హ్యూమసన్ సంగతి కూడా మా వంటివారు తెలుసుకోదగినది. పద్నాలుగేండ్లకే బడి మానివేసి, ఆ కొండ మీదికి సామాను మోసే కంచరగాడిదలను తోలినవాడు. తరువాత వేధశాలలో ఊడ్చే పని. రాత్రుల్లో పని నేర్చుకొని పరిశోధకుడైనాడు. 1950లో స్వీడనులోని లుండ్ విశ్వవిద్యాలయం వారు గౌరవ డాక్టరేటు ఇచ్చారు. మా మెట్రిక్కు ఆయన చదువు కంటె ఎక్కువే గాని, ఆ ఓపిక మాకేది?

ఈ కాలంలో మనవారు ఏమి చేస్తున్నారని అడిగితే, హైదరాబాదు వైపు చూడవలెను. 1901లో నవాబు జఫర్ జంగ్ ఇంగ్లండు నుండి 15 అంగుళాల దుర్భిణి తెప్పించి ఫిసల్‌బండలో నెలకొల్పాడు. 1908లో అది నిజాము ప్రభుత్వపు వేధశాల అయి, ఆపైన బేగంపేటకు మారింది. ఆకాశమంతటికీ పటం తీయవలెనని 1887లో పారిసులో అన్ని దేశాలవారు నిర్ణయించి, తలా ఒక పట్టీ పంచుకొన్నారు. దక్షిణ అమెరికాలోని సాంటియాగో వారు చేయలేక వదలిన పట్టీని, దక్షిణాన 17 నుండి 23 అంశలవరకు ఉన్నదానిని, హైదరాబాదు నెత్తికెత్తుకున్నది. తరువాత ఉత్తరాన 36 నుండి 39 వరకు మరొకటి. పోకాక్ తరువాత 1918 నుండి టి. పి. భాస్కరన్ దానికి పెద్ద. గాజు ఫలకాల మీద పడిన ప్రతి చుక్కకూ అడ్డం కొలత, నిలువు కొలత చూచి రాయవలెను. మొత్తం 12 సంపుటాల్లో 7,63,542 చుక్కలు. గణనయంత్రాలు లేని రోజుల్లో ఇదంతా కంటితో చూచి, చేతితో రాసిన పని.

ఆ సంపుటాలు చాలా కాలం బీరువాల్లో దుమ్ము పట్టి ఉన్నవి. అయితే 1990 తరువాత యూరపు వారి హిప్పార్కస్ ఉపగ్రహం చుక్కల స్థానాలు కొలిచినప్పుడు, అవి నూరేండ్లలో ఎంత జరిగినవో తెలియడానికి పాత కొలతలు కావలసివచ్చినవి. హైదరాబాదు రిజిస్టర్లతో సహా పాత పట్టికలన్నీ దులిపి తీసి, 25 లక్షల చుక్కల కదలికలతో 2000లో టైకో-2 పట్టిక వెలువరించారు. సరిగా రాసిన రిజిస్టరు ఎన్నటికీ వృథా పోదని మేము మా ఆఫీసులో కుర్రవాళ్లకు ఇదే ఉదాహరణ చెప్తుంటాము. వారు నవ్వుతారు.

ఆ వేధశాలలోనే పనిచేసిన ఒకరి కొడుకు వేణు బాపు. నిజాం కాలేజీలో చదివి, 1949లో హార్వర్డులో ఒక తోకచుక్కను కనుగొన్నాడు; తరువాత తమిళనాడులో కావలూరు వేధశాల కట్టాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయంవారు 1968లో రంగాపూర్ దగ్గర 48 అంగుళాల దుర్భిణి నిలిపారు. ఆ ఉస్మానియాలోనే సాలే మహమ్మద్ అల్లాదీన్ అనే ఆచార్యుడు, రెండు గెలాక్సీలు ఒకదానినొకటి ఒరుసుకొని పోయినప్పుడు ఏమి జరుగుతుందని లెక్క కట్టి 1965లో ప్రచురించారు. చుక్కలు చుక్కలకు తగలవు, అంత ఎడం ఉన్నది. కాని ఒకదాని ఆకర్షణ మరొకదానిని సాగదీసి చెదరగొడుతుంది. 1972లో టూమ్రే సోదరులు గణనయంత్రం మీద ఆడించి చూపగా, రాస్ ప్రభువు చూచిన సుడి చేతులు పక్కనే ఉన్న చిన్న గెలాక్సీ లాగుడువల్ల కూడా అట్లా సాగగలవని తెలిసింది.

ఇంతకూ సుడి ఎందుకు నిలుస్తుంది? సూర్యుడు పాలపుంత నడిమికి సుమారు 26,000 కాంతి సంవత్సరాల దూరాన ఉండి, ఒక చుట్టుకు 22 కోట్ల ఏండ్ల పైచిలుకు తీసుకుంటాడు. లోపలివి త్వరగా, వెలుపలివి ఆలస్యంగా చుట్టి వస్తవి. ఆ లెక్కన చేతులు నాలుగైదు చుట్లకే దారపు కండె మాదిరి చుట్టుకొనిపోవలెను. పోలేదు. లిన్, షూ అనే ఇద్దరు 1964లో దీనికి చెప్పిన సమాధానం రైల్వేవారికి ఇట్టే అర్థమవుతుంది. ఒకచోట ట్రాకు పని జరుగుతుంటే కాషన్ ఆర్డరు ఇస్తారు. బండ్లన్నీ అక్కడికి వచ్చేసరికి నెమ్మదించి ఒకదాని వెనుక ఒకటి చేరుతవి, దాటి మళ్లీ వేగం అందుకుంటవి. బండ్లు మారుతుంటవి, గుమి మాత్రం అక్కడే. సుడి చేతి వంపు కూడా అటువంటి గుమి. చుక్కలు, వాయువు అక్కడికి వచ్చి ఒత్తుకుంటవి. వాయువు ఒత్తిడికి కొత్త చుక్కలు పుట్టుతవి. కొత్తవాటిలో పెద్దవి నీలంగా, మిక్కిలి ప్రకాశంగా ఉండి త్వరగా ఆరిపోతవి. అందుకే చేతులు నీలంగా మెరుస్తవి, నడిమి భాగం ముసలి చుక్కలతో పసుపు ఎరుపుగా ఉంటుంది. సుడి గెలాక్సీలన్నీ ఈ ఒక్క కారణం చేతనే అట్లున్నవని అనలేము. రెండు మూడు కారణాలు కలిసి పనిచేస్తవి.

ఇక మా వాడి పుస్తకంలో లేని కొత్త సంగతి. అది మన మహారాష్ట్రలోనే, పుణెలో జరిగింది. అక్కడి రేడియో ఖగోళ కేంద్రంలో పరిశోధన విద్యార్థిని రాశి జైన్, ఆచార్యుడు యోగేశ్ వాడదేకర్ కలిసి ఒక దూరపు సుడి గెలాక్సీని కనుగొన్నట్లు 2025 నవంబరులో ప్రకటించారు. చూచినది 2021 డిసెంబరు 25న పైకి పంపిన జేమ్స్ వెబ్ దుర్భిణి. దాని అద్దం వెడల్పు ఆరున్నర మీటర్లు, అది భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరాన ఉన్నది. ఆ దుర్భిణి తీసిన చిత్రాల్లో వేలకొలది గెలాక్సీలను చూస్తూ పోగా ఇది కనబడింది. ఒకప్పుడు మనుషులు ఫలకాలు చూచిన ఓపికే ఇది, సాధనం మారింది గాని.

దాని వెలుగు బయలుదేరి సుమారు 1200 కోట్ల ఏండ్లయింది. అప్పటికి విశ్వానికి 150 కోట్ల ఏండ్లే. దారిలో విశ్వం సాగుతూ ఉండగా ఆ వెలుగు అలలు కూడా అయిదింతలు సాగి, కంటికి కనబడని పరారుణంగా మన దగ్గరికి చేరినవి. దారిలో ఏబెల్ 2744 అనే గెలాక్సీల గుంపు అడ్డముండి, తన ఆకర్షణతో భూతద్దంలాగ పనిచేసి దానిని రెండింతలు ప్రకాశంగా చూపింది. వెడల్పు 30,000 కాంతి సంవత్సరాలు, అంటే పాలపుంతలో మూడో వంతు. రెండు చేతులు, ఇరువైపులా సమంగా, దారాన పూసలు గుచ్చినట్లు కొత్త చుక్కల గుంపులతో. చుక్కల బరువు వెయ్యి కోట్ల సూర్యులంత. ఏడాదికి 60 సూర్యులంత బరువైన చుక్కలు అందులో పుట్టుతుండెను. నేటి పాలపుంతలో పుట్టేదానికి అది ఇరవై రెట్లు.

ఇందులో వింత ఏమిటంటే, విశ్వం అంత పసిదిగా ఉన్నప్పుడు గెలాక్సీలన్నీ ముద్దలు ముద్దలుగా, ఒకదానినొకటి గుద్దుకుంటూ ఉండెననీ, చదునైన పళ్లెంలాగ స్థిరపడి చక్కని సుడి చేతులు రావడానికి కొన్ని వందల కోట్ల ఏండ్లు పట్టుననీ పండితులు అనుకున్నారు. ఇది ఆ లెక్కను తారుమారు చేసింది. కాలువ తవ్వి ఏడాది కాకముందే ఒడ్డున వందేండ్ల మర్రిని చూచినట్లయింది. ఇంతకంటె దూరాన కూడా సుడి ఉన్నట్లు తోచే ఒకటి రెండు గెలాక్సీలను ఇతర దేశాలవారు ఇటీవల చెప్పారు. కనుక ఇదే అన్నిటికంటె దూరపుదని మేము అనము. కాని ఇంత స్పష్టంగా తీర్చిదిద్దినట్లు కనబడేవి బహు తక్కువ.

వారు దానికి పెట్టిన పేరు అలకనంద. హిందీలో పాలపుంతను మందాకిని అంటారు. హిమాలయాల్లో మందాకిని వచ్చి అలకనందలో రుద్రప్రయాగ దగ్గర కలుస్తుంది. పాలపుంతకు తోబుట్టువు అని ఆ పేరు. ప్రాణహిత గోదావరిలో కలిసే సిరొంచవారికి, ఇంద్రావతి కలిసే సోమ్నూరువారికి ఈ పేరులోని నేర్పు వేరే విప్పి చెప్పనక్కర లేదు. మనవారు ముందుగా చూచి ఉంటే ప్రాణహిత అనే పేరు పెట్టి ఉండేవారేమో!

1200 కోట్లంటే మనస్సుకు అందదు. సిరొంచ తాలూకా పోచంపల్లిలో 1961 ప్రాంతాన కలకత్తా గణాంక సంస్థవారు తవ్వితీసిన రాక్షసబల్లి ఎముకలను తలచుకుంటే కొంత అందవచ్చును. బరపాసారస్ అని దానికి పేరు. ఒక్కొక్క తొడ ఎముక మనిషి ఎత్తు. మన గోదావరి ఒడ్డున అది మేత మేసి సుమారు 18 కోట్ల ఏండ్లయింది. అది తల ఎత్తి చూచిన రాత్రికి అలకనంద వెలుగు తన ప్రయాణంలో నూటికి తొంబై ఎనిమిది పాళ్లు ముగించుకొని ఉన్నది. సూర్యుడు పుట్టక ముందే సగం దారి దాటింది.

అలకనంద మన కంటికి కనబడదు. కాని ఆండ్రోమెడా కనబడుతుంది. దుర్భిణి లేకుండ మన ఊళ్లనుండి సులభంగా చూడగల సుడి గెలాక్సీ, పాలపుంత గాక, అదొక్కటే. సంక్రాంతికి అమావాస్య నాలుగు రోజులే ఉండెను. మరునాటి రాత్రి ఏడున్నరకు మా వాణ్ణి, పెద్దమ్మను వెంటబెట్టుకొని ఊరి దీపాలు దాటి పొలం గట్టు మీదికి పోయాము. పూర్వాభాద్ర, ఉత్తరాభాద్రల నాలుగు చుక్కలు పెద్ద చదరంగా పడమట ఉన్నవి. చదరంలో ఈశాన్యపు మూల చుక్క నుండి అదే వరుసలో బయటికి రెండు చుక్కలు లెక్కపెట్టి, రెండో దాని దగ్గర ధ్రువుడి వైపు తిరిగితే రెండు మసక చుక్కలు. ఆ రెండో దాని పక్కనే ఆవిరి పట్టినట్లు చిన్న మరక. నేరుగా కాక కొంచెం పక్కకు చూడవలెను. మీరు చూడదలిస్తే వచ్చే కార్తికంలో, రాత్రి తొమ్మిది గంటలకు నడినెత్తికి కొంచెం ఉత్తరంగా ఉంటుంది.

మా పెద్దమ్మకు చూపు ఆనలేదు. శుక్లాలు తీయించినా అంత సన్న వెలుగు ఆమెకు దొరకదు. వాడు మాత్రం పట్టేశాడు. "అమ్మమ్మా, కనవడ్డది! పొగ తీర్గ ఉన్నది" అని అరిచాడు. గుండ్రంగా తిరుగుతున్నదా అని ఆమె అడిగింది. తిరుగుతున్నదని, ఒక్క చుట్టుకు కోట్ల ఏండ్లని మేము చెప్పాము. ఆమె కొంతసేపు ఊరుకొని, "ఏటి నీళ్లు తిరిగేదాన్ని ఏమంటం మనం? సుడి అనమా? గది సుడి చుక్క" అన్నది.

ఇంటికి వచ్చాక వాడు నోటు పుస్తకంలో సర్పిల దీర్ఘికా అన్నదాని కింద ఆ మాట రాసుకున్నాడు. తెలుగు అక్షరాలు వాడికి ఇంకా రావు కనుక మరాఠీ లిపిలో రాశాడు. పక్కన తెలుగులో ఎట్లా రాస్తారో మేము రాసి చూపాము. మరునాడు తెల్లవారుజామున బస్సుకు బయలుదేరేటప్పుడు చూస్తే, అట్ట మీద అదే మాట ఏడెనిమిది సార్లు రాసి ఉన్నది. 'డి' మీది గుడి ఒకటి రెండు చోట్ల పక్కకు పోయింది.